తోడల్లుడి తలుపు

పెద్దల్లుడికి టైటానియం అంటే ప్రాణం, తోడల్లుడంటే ఒళ్ళుమంట. రెండూ ఒకే ఫ్యాక్టరీ గేటు లోపల ఉండటం ఆయన ఖర్మ.

విమాన భాగాలు తయారుచేసే ఆ ఫ్యాక్టరీలో ఆయన మిల్లింగ్ సెక్షన్ ఫోర్‌మన్. టైటానియం మొండిఘటం. తొందరపడితే కట్టర్ పళ్ళు రాలగొడుతుంది. చల్లబరిచే ధార కాస్త తగ్గిందా, తురుముకి నిప్పంటుకుంటుంది. అలాంటి లోహాన్ని బుజ్జగించి, బెదిరించి, వెంట్రుకవాసి తేడా రాకుండా చెక్కడంలో తన తర్వాతే ఎవరైనా అని ఆయన నమ్మకం. ఆ మాట తనే చెప్పుకునేవాడు కాబట్టి వేరేవాళ్ళకి చెప్పే అవసరం పెద్దగా రాలేదు.

చిక్కల్లా ఒక్కటే. నలుగురు పట్టి ఎత్తలేని దిమ్మ యంత్రం మీదికెక్కితే, చివరికి ఒక మనిషి చంకలో పెట్టుకుని పోయేంత తలుపు చట్రం దిగేది. పదిపాళ్ళు లోహం కొంటే తొమ్మిదిపాళ్ళు తురుమై డబ్బాల్లోకి పోయేది. దానికి పైన రేకు బిగించడానికి వందలకొద్దీ రివెట్లు. ఖర్చు చూస్తే పైవాళ్ళకి గుండె ఆగేది, బరువు చూస్తే డిజైన్ వాళ్ళు తల పట్టుకునేవాళ్ళు. ఎవరైనా ఆ ఊసెత్తితే, “శిల్పం చెక్కితే రాతిపొట్టు రాలదా? దాన్ని కూడా లెక్కేస్తారా?” అని పెద్దల్లుడు నోరు మూయించేవాడు.

ఇదిగో, ఆ సమయంలోనే మరదలికి సంబంధం కుదిరింది. చిన్నల్లుడు కూడా ఇంజనీరే, పైగా ఇదే ఫ్యాక్టరీలో కొత్తగా పెట్టిన సెక్షన్‌కి ఇన్‌ఛార్జి. అక్కడ చెక్కడం లేదు, రివెట్లు లేవు. పల్చటి టైటానియం రేకులు నాలుగు దొంతరగా పేర్చి, అతుక్కోకూడని చోట తెల్లటి పూత పూసి, ఎర్రగా కాలే అచ్చులో పెట్టి నొక్కితే, పూత లేనిచోట రేకులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. వెల్డింగ్ కాదు, జిగురు కాదు, రెండు రేకులు ఒకే రేకైపోతాయి. అదే వేడిలో ఒక మూలనుంచి సన్నటి గొట్టంతో గ్యాసు ఊదితే, పూత ఉన్న చోట్ల పొంగి, లోపల గదులు గదులుగా గోడలు లేస్తాయి. బయటికి తీస్తే తలుపు తయారు. పెద్దల్లుడు ఆ సెక్షన్‌కి ‘బుడగల షాపు’ అని పేరు పెట్టాడు. వెక్కిరింపుగా పెట్టిన పేరు అందరి నోళ్ళలోనూ పడి, ఆఖరికి చిన్నల్లుడు కూడా ఫోనెత్తి “బుడగల షాపండీ” అనడం మొదలెట్టాడు. అదొక కడుపుమంట.

పోనీ ఇంటికెళ్తే సుఖముందా అంటే, ఆదివారాలు అత్తగారింట్లో భోజనం. అత్తగారు మంచి మనిషి. మంచి మనుషులు చేసే అపకారాలే చేసేది.

“పెద్దల్లుడుగారూ, విన్నారా? చిన్నల్లుడుగారు చేసే తలుపు లోపలంతా గుల్లటండీ! అయినా మీ దానికన్నా గట్టిదట! బరువేమో సగమేనట!”

“విన్నానండీ.”

“ఊదితే పొంగుతుందట. ఎంత తెలివి! మీరూ అలాంటిదేదైనా చెయ్యకూడదూ?”

పెద్దల్లుడు పప్పుగిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పక్కన భార్య కాలితో మెల్లగా తట్టింది. ఊరుకోమని. అసలు ఆయన ఏమీ అనందే! ఆ తట్టడంతో ఇంకా మండిపోయాడు. తన మనసులో ఉన్నది ఇంట్లో అందరికీ తెలిసిపోయిందన్నమాట.

భోజనాలయ్యాక చిన్నల్లుడు బాల్కనీలో పక్కకొచ్చి నిలబడ్డాడు. ఈ తోడల్లుడితో వచ్చిన అసలు బాధ ఏమిటంటే, అతను మంచివాడు. పొగరుబోతైతే ద్వేషించడం తేలికయ్యేది.

“అన్నయ్యా, మీ ఒక్కరికే చెప్తున్నాను. ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ గొట్టం దూరే మూల ఉంది చూశారా, నా బెంగంతా అక్కడే. గ్యాసు ఊదేముందు పూత ఏమాత్రం జారినా అక్కడి గోడ అతుక్కోదు. పైగా లోపలి అతుకులు చూసే మన పరీక్ష యంత్రం ముక్కు ఆ మూలలో సరిగ్గా ఆనదు. కాగితాల మీద అన్నీ బాగానే ఉన్నాయి. అయినా నిద్ర పట్టట్లేదు.”

“ఏం కాదులే తమ్ముడూ, నువ్వు మరీ అతిగా ఆలోచిస్తావు,” అన్నాడు పెద్దల్లుడు, పెద్దరికంగా భుజం తట్టి. లోపల మాత్రం ఆ వారానికి మొదటిసారి తిన్నది అరిగింది.

తలుపు అంచులు కోసి, బోల్టుల కన్నాలు వేయాల్సింది మిల్లింగ్ సెక్షనే. అందుకని బరువులు మోపి బలం చూసే పరీక్షకి ముందురోజు చిన్నల్లుడి తలుపు పెద్దల్లుడి బల్ల మీదికొచ్చింది. ఇంజను పక్కన, వేడి తగిలే చోట బిగించే తలుపు అది. ఆయన రెండు చేతులా ఎత్తాడు. అలవాటైన బరువుకి చేతులు బిగించి ఉంచాడేమో, తలుపు ఒక్కసారిగా గడ్డం దాకా లేచింది. అంత తేలిక! పైన రివెట్ తల ఒక్కటి లేదు. అతుకు ఎక్కడుందో కంటికి ఆనలేదు. తన జీవితంలో ఇంత అందమైన పని తను చెయ్యలేదని ఆయనకి తెలిసింది. అలా తెలియడమే ఆయన తట్టుకోలేకపోయాడు.

అయినా అంచులు శుభ్రంగానే కోశాడు. చేతిలో ఉన్న పనిని పాడుచేయడం ఆయన ఒంట్లో లేదు. కన్నాలు కూడా నిక్కచ్చిగా వేశాడు. అంతటితో తలుపు పంపేసి ఉంటే కథే లేదు.

సరిగ్గా అప్పుడే చీఫ్ ఇంజనీరు, ఆయన వెనకాలే చిన్నల్లుడు వచ్చారు. చీఫ్ తలుపు చుట్టూ తిరిగి, చంకలు గుద్దుకోవడం ఒక్కటే తక్కువగా మురిసిపోయాడు. మిల్లింగ్ కుర్రాళ్ళందరూ వింటుండగా, “ఇది రేపు గట్టెక్కిందా, ఇక మనం దిమ్మలు తెప్పించక్కర్లేదు. ఈ తురుము గోలా వదిలిపోతుంది,” అన్నాడు.

తురుము గోల! అన్నేళ్ళ పని ఒక్క మాటలో గోల అయిపోయింది. పెద్దల్లుడి చెవులు వేడెక్కాయి. బల్ల మీదున్న చిన్న ఇత్తడి సుత్తి చేతిలోకి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. తలుపు మీద, లోపలి గోడల వరసనే టకటకమని కొట్టుకుంటూ వెళ్ళాడు. అంతా ఒకేలా మోగింది. గొట్టం మూల దగ్గరికొచ్చేసరికి ఆగాడు. మళ్ళీ కొట్టాడు. అక్కడా అలాగే మోగింది.

“ఇక్కడ చప్పుడు తేడాగా ఉందండీ,” అన్నాడు.

చీఫ్ ముఖంలో వెలుగు ఆరిపోయింది. “లోపలంతా గుల్లే కదయ్యా, తేడా ఏముంటుంది?”

“గుల్లే కావచ్చు. గోడ అతికిన చోట చప్పుడు గట్టిగా రావాలి. ఇక్కడ బోలుగా వస్తోంది.”

చీఫ్ సుత్తి తీసుకుని తనూ కొట్టి చూశాడు. కుర్రాళ్ళలో ఒకడు చెవి ఆనించి, అవునవును తేడాగానే ఉంది అన్నాడు. ఫోర్‌మన్ విన్నాక వాడికి వినపడకుండా ఎలా ఉంటుంది? పెద్దల్లుడు అనుకున్నది వేరు. పరీక్ష ఒక వారం వెనక్కి పోతుంది, నలుగురూ నాలుగు మాటలనుకుంటారు, వచ్చే ఆదివారం భోజనం కాస్త ప్రశాంతంగా తినొచ్చు. అంతే. అంతకుమించి ఆయన చెడు కోరలేదు.

చిన్నల్లుడు తెల్లబోయిన ముఖంతో ఆ మూలనే చూస్తున్నాడు. “కోసి చూద్దాం సార్,” అన్నాడు.

“కోస్తే తలుపు పోతుందయ్యా!”

“అన్నయ్యకి అనుమానం వచ్చిందంటే ఊరికే రాదు సార్. కోద్దాం.”

కోయాల్సింది ఎవరు? పెద్దల్లుడే. రంపం దిగుతున్నంతసేపూ ఆయన ఆలోచన ఒకటే. లోపల అంతా బాగుంటే తన పరువు గంగపాలు. తోడల్లుడి మీద ఏడుపుతో మంచి తలుపు కోయించాడని పరీక్ష షాపు నుంచి క్యాంటీన్ దాకా చెప్పుకుంటారు. ఆ చెప్పుకునేది అక్షరాలా నిజం కూడానూ. ముక్క విడిపోయింది. చిన్నల్లుడు దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళి భూతద్దం పెట్టాడు.

గోడ అడుగున వేలెడు పొడుగున, కాగితం దూరేంత చీలిక. పూత జారింది. అక్కడ రేకు రేకుని పట్టుకోలేదు.

ఆ తర్వాత జరిగినదంతా పెద్దల్లుడు మరెవరికో జరుగుతున్నట్టు చూశాడు. చీఫ్ చెయ్యి పట్టి ఊపేశాడు. యంత్రం పట్టలేనిది మనిషి చెవి పట్టిందని ఫ్యాక్టరీ అంతా ఆకాశానికెత్తేసింది. ఆదివారం అత్తగారు, “మా పెద్దల్లుడుగారు వినకపోతే విమానానికి ఏం ముంచుకొచ్చేదో!” అని వచ్చిన వాళ్ళకీ పోయిన వాళ్ళకీ చెప్పింది. భార్య ఆయన్ని పెళ్ళైన కొత్తలో చూసినట్టు చూసింది. మరదలు, “బావా, మా ఆయన పరువు నిలబెట్టారు,” అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇన్నాళ్ళూ తను దేనికోసం కుళ్ళిపోయాడో అదంతా ఒకేసారి విస్తట్లో వడ్డించారు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని తిన్నాడు.

సోమవారం మధ్యాహ్నం, అందరూ భోజనాలకి వెళ్ళాక, చిన్నల్లుడు ఆయన్ని బుడగల షాపుకి తీసుకెళ్ళాడు. పొడుగాటి బల్ల మీద ఇంకో నాలుగు తలుపులు వరసగా ఉన్నాయి. మొదటి తలుపుతో పాటే చేసినవి, అంచులు కోయడమే తరువాయి. బల్ల చివర ఇత్తడి సుత్తి. కొత్తది, మెత్తటి బట్ట మీద పెట్టి ఉంది.

“అన్నయ్యా, చీఫ్‌గారు ఒప్పుకున్నారు. ఇవన్నీ మీరు కొట్టి చూడండి. మీరు బాగున్నాయంటే వీటిలో ఒకటి పరీక్షకి, మిగతావి విమానానికి. మీరు బాలేదన్నది కోసేద్దాం. ఇవి కూడా పోతే సెక్షన్ మూసేయమంటున్నారు పైవాళ్ళు. ఇన్నాళ్ళు చేసింది ఇక మీ చెవిలో ఉంది.”

పెద్దల్లుడు బల్ల చివరికి నడిచాడు.

సుత్తి తీసుకున్నాడు. మొదటిదాన్ని కొట్టాడు. మోగింది. రెండోదాన్ని కొట్టాడు. అదీ మోగింది. మూల దగ్గర కొట్టినా, నడుమ కొట్టినా అదే మోత. బాగున్నాయి అంటే? అందరూ సంతోషమే. తోడల్లుడు గట్టెక్కుతాడు, తన చెవికి పట్టాభిషేకం. ఎప్పుడో ఎక్కడో, వేడికీ గాలికీ ఒక గోడ విడిపోయేదాకా ఎవరికీ ఏ నష్టమూ లేదు. బాలేవు అంటే? ఇంకోసారి అబద్ధం. దేన్ని బాగుందనాలి, దేన్ని బాలేదనాలి? సుత్తి బల్ల మీద పెట్టేశాడు.

“ఏమైంది? తేడాగా ఉందా?”

“నాకేం తెలీదు తమ్ముడూ.”

“అదేంటి?”

“ఆ రోజు నాకేం వినపడలేదు. అన్నిచోట్లా ఒకేలా మోగింది. నువ్వు బాల్కనీలో ఆ మూల గురించి భయమన్నావు కదా, అందుకని ఆ మూలే చూపించాను.”

చిన్నల్లుడు నవ్వబోయి ఆగిపోయాడు. “ఎందుకు?”

“ఎందుకంటే కుళ్ళు. నీ మీద కుళ్ళు. ఇంకేం చెప్పను?” పెద్దల్లుడి గొంతు పెద్దదైంది. “ఆ తలుపు అంత తేలిగ్గా లేచిందే, నాకు తల కొట్టేసినట్టైంది. చీఫ్ తురుము గోల అంటుంటే నువ్వు పక్కనే నిలబడ్డావు. అక్కడ తప్పు నిజంగా ఉంటుందని నేనేం కలగన్నానా? సుత్తితో కొడితే ఇలాంటి తప్పు దొరకదు. నాకే కాదు, ఎవరికీ దొరకదు. వీటిని కోయకుండా పంపకు.”

షాపులో కొలిమి చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. చిన్నల్లుడు సుత్తిని బట్టలో చుట్టేశాడు. అతని ముఖంలో మొదటిసారి ఆ మంచితనం కనిపించలేదు.

“ఒక్క మాట అడగనా అన్నయ్యా?” అన్నాడు. “ఆ రోజు కుళ్ళుతో ఒకటి కోయించారు. ఇవాళ నిజం చెప్పి నాలుగు కోయిస్తున్నారు. ఇది మాత్రం కుళ్ళు కాదని నేనెలా అనుకోను?”

పెద్దల్లుడు కాదని ఒట్టు పెట్టబోయాడు. ఎంత వెతుక్కున్నా, కాదని గట్టిగా చెప్పగలిగినంత చోటు తన లోపల దొరకలేదు. “ఏమో,” అన్నాడు చివరికి. “కోసి చూడు.”

నాలుగూ కోశారు. కోసింది పెద్దల్లుడే. మొదటిది నిక్షేపంలా ఉంది. రెండోదీ అంతే. అద్దంలా మెరుగుపెట్టి భూతద్దం కింద పెట్టినా, ఒక రేకు ఎక్కడ ఆగి ఇంకో రేకు ఎక్కడ మొదలైందో తెలియలేదు. అలాంటి పనిని రంపం కింద పెడుతుంటే పెద్దల్లుడికి ఏడుపొచ్చింది. అది దొంగ ఏడుపు కాదు. కానీ ఆ ఏడుపు అడుగున ఎక్కడో, హమ్మయ్య అన్నట్టు ఒక చల్లదనం కూడా తగిలింది. దాన్ని ఆయన గుర్తుపట్టాడు. తన సొంత మనిషిని గుర్తుపట్టినట్టే పట్టాడు. మూడో తలుపులో గొట్టం మూలన మళ్ళీ అదే చీలిక. నాలుగోది బాగుంది.

అంటే ఆయన నిజం ఒక చెడ్డ తలుపుని పట్టించింది, మూడు మంచి తలుపుల్ని చంపింది. ఇది మంచిపనో చెడ్డపనో ఎవరైనా తేల్చి చెప్తే బాగుండుననుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. సుత్తి పరీక్ష నమ్మదగింది కాదని తేలిందని మాత్రమే చిన్నల్లుడు చీఫ్‌కి రాసిచ్చాడు. ఇంట్లో ఒక్క ముక్క అనలేదు. అత్తగారు ఇప్పటికీ పెద్దల్లుడి చెవిని పొగుడుతూనే ఉంది. పొగిడినప్పుడల్లా చిన్నల్లుడు తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. ఆ మౌనానికి కూడా పెద్దల్లుడు కుళ్ళుకున్నాడు. ఆ చోట తనుంటే ఊళ్ళో చాటింపు వేయించేవాడు.

రెండు తలుపుల్లో ఒకే మూలన తప్పు దొరకడంతో, గొట్టం దూరే పద్ధతి మార్చుకురమ్మని పైవాళ్ళు గడువిచ్చారు. అంతవరకూ విమానం ఆగదు కదా, తలుపులు పాత పద్ధతిలోనే చెయ్యమన్నారు. దిమ్మలు మళ్ళీ వచ్చాయి. పెద్దల్లుడు కోరుకున్నదంతా కోరుకున్నట్టే జరిగింది. తెల్లారేసరికి యంత్రాలు మొదలయ్యేవి, తురుము డబ్బాలు నిండేవి. ఆయన మాత్రం డబ్బా నిండినప్పుడల్లా అటు చూడకుండా ముఖం తిప్పుకునేవాడు.

వానలు పడి వెలిశాక ఒక మధ్యాహ్నం చిన్నల్లుడు మిల్లింగ్ సెక్షన్‌కి వచ్చాడు. అలా రావడం ఆ సోమవారం తర్వాత అదే మొదలు. చేతిలో తలుపు లేదు, సుత్తి లేదు.

“గొట్టాన్ని మూలనుంచి తీసేసి అంచు బయటికి మార్చాం. ఇక పూత జారే దారి లేదు. పరీక్ష యంత్రం కూడా అన్నిచోట్లా ఆనుతోంది. నాకు తనిఖీకి ఒక మనిషి కావాలి. పూత పూసిన దగ్గర్నుంచి కొలిమి దాకా పక్కనే ఉండి చూడాలి. ఆయన సంతకం లేకుండా తలుపు గడప దాటదు. చీఫ్‌గారికి మీ పేరిచ్చాను.”

పెద్దల్లుడికి ఇదేదో వెటకారమనిపించింది. “నన్నా? అంతా తెలిసీ నన్నా?”

“తెలిసే.”

“నన్నెలా నమ్ముతావు?”

“నమ్మట్లేదు,” అన్నాడు చిన్నల్లుడు, కోపం లేకుండానే. “నా కుర్రాళ్ళంతా నా పని బాగుందనే చూస్తారు అన్నయ్యా. నాకూ అలాగే కనిపిస్తుంది. నా పనిలో తప్పు దొరకాలని కడుపులోంచి కోరుకునేవాళ్ళు ఈ ఫ్యాక్టరీలో మీరు తప్ప ఎవరున్నారు?”

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. వెళ్ళనని చెప్పేయాలనుకున్నాడు. నువ్వెవడివిరా నాకు ఉద్యోగం ఇవ్వడానికి అని అరవాలనుకున్నాడు. కానీ అన్నది నిజం. మర్నాడు ఉతికిన చేతితొడుగులు వేసుకుని బుడగల షాపులోకి అడుగుపెట్టాడు.

రేకులు కడుగుతుంటే పక్కన నిలబడ్డాడు. పూత పూస్తుంటే కుర్రాళ్ళ చెయ్యి వణికిన చోటల్లా ఆపించి తుడిపించి మళ్ళీ పూయించాడు. “ఈయనతో వేగలేం సార్,” అని వాళ్ళు చిన్నల్లుడికి మొరపెట్టుకున్నారు. అతను విననట్టు ఊరుకున్నాడు. కొలిమి తెరిచాక తలుపుని బల్ల మీద పెట్టించి, పెద్దల్లుడు పరీక్ష యంత్రాన్ని అంగుళం అంగుళం నడిపించాడు. ఒకసారి చాలక రెండోసారి నడిపించాడు. మూలల్లో ఆపి మరీ చూశాడు. తప్పు దొరకాలనే వెతికాడు, ఆ మాట దాచిపెట్టుకోలేదు. ఒక్కటంటే ఒక్క గీత దొరికితే చాలని వెతికాడు.

దొరకలేదు.

కడుపు భగ్గుమంది. కలం తీసి సంతకం పెట్టాడు.